జడ్సన్ గారి జైలు

ముందు వినబడింది స్టీలు బల్ల మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. దాని వెనకే ఒక గొంతు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన గేటును బలవంతంగా తెరిస్తే ఎలా అరుస్తుందో అలా ఉంది.

"సిగ్గుండాలా నీకు? మనుషుల మధ్య బతకతా ఉండావు గదా, రొంతన్నా సిగ్గుండాలా?"

బోగోలు దాటి సముద్రం వైపు మళ్ళే దారిలో ఉన్న ఆ రొయ్యల కంపెనీలో అనూష అడుగుపెట్టిన మొదటి ఉదయం అది. సంస్థలు తమ పనిలో తప్పుల్ని ఎలా పట్టుకుంటాయి, ఎలా దిద్దుకుంటాయి అన్నదాని మీద ఆమె పరిశోధన చేస్తోంది. దొరవారిసత్రం దాకా తీరం వెంబడి కంపెనీ తర్వాత కంపెనీ తిరిగింది. గోడల మీద నాణ్యత గురించిన బోర్డులు మారేవి, భాష మారేది, బోర్డు కింద జరిగేది మాత్రం మారేది కాదు. మంచునీళ్ళలో చేతులు ముంచి పనిచేసే ఆడవాళ్ళు వరసగా, వాళ్ళ మీద వేడివేడిగా అరిచే మగవాడు ఒకడు. చూసి చూసి ఆమెలో కోపం పేరుకుపోయింది, పాత ఫ్రీజరు గోడలకు మంచు పేరుకున్నట్టు.

"మాట్లాడు. మాట్లాడవే? చేసేదంతా చేసి ఎంత నంగనాచి మాదిరి నిలబడినావో చూడు. మూతి పగలగొడతా."

ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తెల్లకోటు, తెల్లటి గమ్‌బూట్లు, చెవుల దాకా దిగిన టోపీ, గెడకర్రలాంటి ఒక పెద్దాయన. ఆయన ఎదురుగా గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఆడమనిషి ఎవరూ లేరు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ మగ్గు ఉంది. దానికి రెండడుగుల దూరంలో, సాక్ష్యం చెప్పడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"మీరు ఎవర్నండీ ఆ మాటలంటున్నారు?" అంది అనూష.

ఆయన తిరిగి చూశారు. గొంతులోని తుప్పంతా ఒక్కసారిగా రాలిపోయింది. "దీన్నేనమ్మా," అన్నారు మగ్గును చూపించి. "యూనివర్సిటీ నుంచి వస్తానన్న పిల్లవి నువ్వేనా? రా పాపా, కూర్చో. మంచినీళ్ళు తాగతావా?" అని మళ్ళీ మగ్గు వైపు తిరిగి, "నువ్వు కదిలినావంటే చంపేస్తా," అన్నారు.

క్వాలిటీ మేనేజరు జడ్సన్ గారి విచిత్రం ఇదొక్కటే. ఆయన మనుషుల్ని తిట్టరు. తప్పు ఎవరు చేసినా, ఎంత పెద్దది చేసినా, తిట్లు తినేది వస్తువు. ఆ రోజు మగ్గు చేసిన నేరం, రొయ్యలు కడిగే నీళ్ళలో క్రిములు చంపే మందు ఎక్కువ కలపడం. కలిపింది సాక్షిగా నిలబడిన ఆదిశేషమ్మ. కానీ మగ్గు మీద కొలత గీతలు అరిగిపోయి ఉన్నాయి. గీతలు లేని మగ్గు దొంగమగ్గని తేలింది. కేసు అక్కడితో ముగిసింది. మగ్గును చెవి పట్టుకున్నట్టు పిడి పట్టుకుని తీసుకెళ్ళి జైల్లో పడేశారు.

జైలంటే నిజంగానే జైలు. ప్యాకింగ్ హాలు చివర ఇనపవల అల్లిన చిన్న గది, దానికి తాళం, తాళంచెవి జడ్సన్ గారి మెడలో. లోపల ఖైదీలు వరసగా కూర్చుని ఉండేవారు. బరువు తప్పు చెప్పిన కాటా. తడిసినప్పుడల్లా మనిషిని జార్చిన గుమ్మం ముందు పరిచే పట్టా. రెండు సైజుల రొయ్యలకూ ఒకే రంగులో వచ్చి అందర్నీ తికమక పెట్టిన ట్రేలు. మినుకుమినుకుమంటూ రొయ్య రంగును మార్చి చూపించిన ట్యూబులైటు. బాగుచేస్తే బాగుపడతాయనుకున్న వాటికి క్రిస్మస్‌కి క్షమాభిక్ష ఉంటుంది. మిగతావాటికి యావజ్జీవం.

తిట్లలో మాత్రం ఆయన ఏ లోటూ చేయరు. కోపం నిజమైన కోపమే. మెడ నరాలు లేస్తాయి, ముక్కు ఎర్రబడుతుంది, గమ్‌బూటుతో నేలను తంతారు. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి విని వణికిపోతారు. తర్వాత, తిట్టు తమను దాటి పక్కనున్న బకెట్టు మీద పడడం చూసి, నవ్వాలో వద్దో తెలియక చీరకొంగు నోట్లో కుక్కుకుంటారు.

కంపెనీలోనే కాదు, బయటా అంతే. ఆదివారం చర్చిలో పాస్టరు గారి ప్రసంగం సాగి సాగి ఎండ నడినెత్తికి వస్తే, జడ్సన్ గారు ఆఖరి ప్రార్థన అయ్యాక గోడగడియారం ముందు నిలబడేవారు.

"నీకు కాళ్ళు లేవా? రొంత బిరబిరా నడిస్తే ఏం పోయింది? అయ్యగారు నిన్ను నమ్ముకోనే గదా మాట్లాడతా ఉండేది."

పాస్టరు గారు పక్కనే ఉండి వినేవారు. ఆ పై వారం ప్రసంగం పొట్టిగా ఉండేది. గడియారం ఎప్పటిలాగే నడిచేది.

ఆయన భార్య ప్రేమలీల ఒకరోజు కంపెనీకి అన్నం క్యారేజీ తెచ్చి, అనూష పక్కన కూర్చుని తన బాధంతా వెళ్ళబోసుకుంది.

"పెళ్ళయిన కొత్తల్లో చేపల కూర మాడ్చినానమ్మా. ఇంక ఉంటాది నాకు అని చెవులు రిక్కించుకోని కూర్చున్నా. పోయి చట్టిని తిట్టినాడు. ఉప్పెక్కువైతే ఉప్పుడబ్బాని తిట్టినాడు. మొగుడితో ఒక్క తిట్టన్నా తినకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు చెప్పు. అలిగి బస్సెక్కి వెంకటాచలంలో మా అమ్మగారింటికి పోయినా."

"అప్పుడేం చేశారు?"

"వెనకాలే వచ్చినాడు. నాతో ఒక్క మాట లేదు. బస్టాండులో నిలబడి, నన్ను దించిన బస్సును పట్టుకోని తిట్టినాడు. నా పెళ్ళాన్ని ఎత్తుకొచ్చినావే, నీకు మర్యాదుందా, నా ఇల్లు ఎట్టా ఉండాదో ఎప్పుడన్నా ఎనక్కి తిరిగి చూసినావా అని. కండక్టరు బిత్తరపోయినాడు. ఆ బస్సుకి ఏమనిపించిందో తెలవదు గానీ, నేను మాత్రం తిరుగు బస్సెక్కినా."

పీలింగ్ హాల్లో, అంటే రొయ్యల తలలు తీసి వొలిచే చోట, ఆడవాళ్ళందరికీ ఈ వ్యవహారం ఒక ఆట అయిపోయింది. ఒకరిని మించి ఒకరు నేరస్తుల్ని పట్టుకొచ్చేవారు. అందర్లోకీ ఆదిశేషమ్మ ముదురు. ఆమెను అందరూ ఎస్సై అనేవారు.

"సార్, ఈ కత్తెరని లోపలెయ్యండి."

"ఏం చేసిందమ్మా?"

"రొయ్య వీపు కొయ్యమంటే నా ఏలు కొయ్యబోయింది."

"ఎప్పుడు?"

"నేను నా పక్కన కూర్చునే సుబ్బుకి రాత్రి సీరియల్ కత చెప్తా ఉన్నప్పుడు."

"కత్తెర కూడా కత వినిందా?"

"విన్నట్టే ఉండాది సార్. పరధ్యానంగా ఉన్నింది."

జడ్సన్ గారు కత్తెరను వెలుతురుకి ఎత్తి చూశారు. మర వదులైంది. "మర ఊడిపోతా ఉండాది, నీకు సీరియళ్ళు కావాల్నా? సిగ్గులేని జన్మ," అని దాన్ని కోటు జేబులో వేసుకున్నారు. రెండడుగులు వేసి, సుబ్బు కూర్చున్న స్టూలు దగ్గర ఆగారు. "ఏమే స్టూలూ, ఆ పక్కన చానా చోటుండాది గదా. రొంత ఎడంగా జరుగు."

సుబ్బు చప్పుడు చేయకుండా లేచి స్టూలును ఎడంగా జరుపుకుంది. హాలంతా నవ్వింది. సుబ్బు కూడా నవ్వింది. కత్తెరలు మళ్ళీ కిచకిచమంటూ పనిలో పడ్డాయి, వాన వెలిశాక పిచ్చుకలు మొదలుపెట్టినట్టు.

అనూషకు నవ్వు రాలేదు. ఆమెకు లెక్క కుదరడం లేదు. తను తిరిగిన కంపెనీలన్నిటిలో, పనివాళ్ళు పైవాళ్ళకు చెప్పిన తప్పులు ఎక్కడ ఎక్కువ అని చూస్తే, ఈ కంపెనీ అందరికన్నా పైన ఉంది. అలా ఇలా కాదు, పక్క కంపెనీకి ఎన్నో రెట్లు. ఇంతకన్నా చెత్త కంపెనీ ఉండదనుకుంది. కానీ వెనక్కి వచ్చిన సరుకు ఎక్కడ ఎక్కువ అని చూస్తే, ఈ కంపెనీ అందరికన్నా అడుగున ఉంది. అన్ని తప్పులు చేసేవాళ్ళ సరుకు అంత బాగా ఎలా ఉంటుంది? అంకెల మీద ఒళ్ళు మండి, ఒక సాయంత్రం ఆమె లాప్‌టాప్ మూత ఠపీమని వేసింది. అటుగా పోతున్న జడ్సన్ గారు ఆగి, "దాని తప్పు గాదులే పాపా, కొట్టబాక," అన్నారు నొచ్చుకున్నట్టు.

అప్పుడు వచ్చింది నీలం ముక్క.

సముద్రాల అవతల ఏ దేశంలోనో ఎవరో ఇల్లాలు వంటకని ప్యాకెట్టు విప్పితే, రొయ్యల మధ్య నీలం రంగు గ్లౌజు వేలి కొస ఒకటి పడి ఉంది. ఆమె ఫోటో తీసి దుకాణం వాడికి పంపింది. ఆ ఫోటో దుకాణం నుంచి కొనే కంపెనీకి, కొనే కంపెనీ నుంచి ఓనరు విజయభాస్కర్ ఫోనుకి వచ్చింది. కంటైనరు మొత్తం వెనక్కి. సోమవారం కొనేవాళ్ళ మనుషులు స్వయంగా వస్తున్నారు. తప్పు ఎక్కడ జరిగిందో చూపించకపోతే ఇక మీ సరుకు వద్దన్నారు.

విజయభాస్కర్ చెడ్డవాడు కాదు, కోపిష్టి. ఆయన కోపానికి జడ్సన్ గారి కోపంలా దారి తెలియదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

"ఏమ్మా, నువ్వు క్వాలిటీ మీదే గదా చదవతా ఉండేది," అన్నాడు అనూషను తన గదికి పిలిపించి. "ఆ హాల్లోనే తిరగతా ఉంటావు. ఎవురు చేసినారో కనుక్కో. కాగితాలేం వద్దు నాకు. సోమవారం వాళ్ళొచ్చేలోపు ఒక్క పేరు చెప్పు చాలు."

"సార్, ఇప్పుడు వస్తున్న పరిశోధనలన్నీ చెప్పేది ఏంటంటే, ఇలాంటి తప్పుల్లో ఎక్కువ భాగం మనిషివి కావు, పద్ధతివి."

"పద్ధతిని పిలిచి రేపటి నుంచి పనికి రావద్దని చెప్పగలనా?"

ఆయన ముందుకు వంగాడు. "పేరు చెప్తే ఎన్నాళ్ళు కావాల్నో అన్నాళ్ళు ఈడనే ఉండి చదువుకో. లేకపోతే నీ చదువు ఇంకో కంపెనీలో చూసుకో."

అసలు సంగతి ఏమిటంటే, ఆ పేరు ఆమెకు అప్పటికే తెలుసు. ఆ ఉదయమే, తన ఎదురుగానే, ఆదిశేషమ్మ వచ్చి జడ్సన్ గారి ముందు నిలబడింది. ఎస్సై మొహంలో ఆట లేదు.

"సార్, ఆ ముక్క నాదే."

"నీ ఏళ్ళన్నీ నీ చేతికే ఉండాయి గదమ్మా."

"ఏలు గాదు సార్, గ్లౌజు. కొస తెగిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఎతికినా, దొరకల్యా. చెప్పకుండా ఊరుకున్నా."

"గ్లౌజుది తప్పైతే గ్లౌజుదని చెప్పాల. నీదంటావేంది?"

"నాకు తెలుసు గదా సార్." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీరు కండ్లాపరేషనుకి పోయిన వారంలో సార్. అప్పుడు ఓనరే వచ్చి హాల్లో నిలబడతా ఉన్న్యాడు. కొత్త గ్లౌజులు ఇచ్చినారు. చినిగిందని చెప్తే కూలిలో కోత అన్న్యారు. నా ఒక్కదానివే గాదు, అందరివీ తెగతానే ఉన్నెయ్యి. ఎవురూ నోరు తెరవల్యా, మీరొచ్చినాక గూడా."

జడ్సన్ గారు ఒక గ్లౌజు తెప్పించి ఆమెను తొడుక్కోమన్నారు. ఆమె చెయ్యి అందులో మునిగిపోయింది. వేళ్ళ చివర నీలం కొసలు ఖాళీగా, గాలి పోయిన బుడగల్లా వేలాడాయి. పెద్ద సైజు, చౌకగా వచ్చిన సరుకు. కత్తెర ఆడినప్పుడల్లా ఆ ఖాళీ కొసలు దానికి అడ్డం పడతాయి. ఆయన మెడ నరాలు లేచాయి.

"ఆరడుగుల మగోడికి చేసినదానివి, ఈ తల్లి చేతికి ఎక్కేదానికి నీకెంత ధైర్యం? తెగినప్పుడు అరవాల్నా వద్దా? నోరు పడిపోయిందా నీకు?" అని గ్లౌజును ఆమె చేతి నుంచి లాగి ఊపేస్తూ తిట్టారు. ఆదిశేషమ్మ తలవంచుకుని నిలబడి, ఒక్కో తిట్టునూ ప్రసాదంలా అందుకుంది.

ఒక కంపెనీ తీసేసిన మనిషిని ఈ తీరంలో ఇంకో కంపెనీ పనివాళ్ళ వ్యాను ఎక్కించుకోదు. ఆదిశేషమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసే వచ్చి చెప్పింది.

ఆ సాయంత్రం అనూష మళ్ళీ తన అంకెలు తెరిచింది. జడ్సన్ గారు సెలవులో ఉన్న వారం కోసం చూసింది. ఆ వారం హాల్లో ఒక్క తప్పు కూడా ఎవరూ చెప్పలేదు. జైల్లోకి ఒక్క కొత్త ఖైదీ రాలేదు. తను ఉంటే అంతా ఎలా దారికొచ్చిందో చూడండని ఓనరు అందరికీ చెప్పుకుని మురిసిపోయాడట. నీలం ముక్క ప్యాకెట్టులో పడింది సరిగ్గా ఆ మచ్చలేని వారంలోనే. తప్పులు ఎక్కువగా వినబడే చోట తప్పులు ఎక్కువని కాదు, చెప్పే ధైర్యం ఎక్కువని ఎక్కడెక్కడి పరిశోధకులో రాస్తే, ఆమె బుద్ధిగా చదివి, బుద్ధిగా తలూపి, మరచిపోయింది. అదే ఇక్కడ గమ్‌బూట్లు వేసుకుని, మగ్గుల్ని తిడుతూ తన చుట్టూ తిరుగుతోంది. ఆమెకు తన మీదా, ఓనరు మీదా, ఆ గ్లౌజు చేసిన మిషను మీదా, అన్నిటి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

సోమవారం ఉదయం విజయభాస్కర్ తన గదిలో కుర్చీలో ఊగుతున్నాడు. ఆ కుర్చీ చెన్నై నుంచి తెప్పించింది. నల్లటి తోలు, తల దాటిన వీపు, కింద చక్రాలు. ఆయన వెనక కిటికీలో సముద్రం ఇనపరేకులా మెరుస్తోంది.

"చెప్పమ్మా, పేరు."

"నాకు తెలుసు సార్," అంది అనూష. "చెప్పను."

ఊగడం ఆగింది. "ఏంది?"

"చెప్పను. ఇంకో కంపెనీలోనే చదువుకుంటాను."

"సరే. పేరు లేకపోతే ఆ వరసలో కూర్చున్నోళ్ళని అందర్నీ తీసేస్తా. ఆ ఉసురు నీకే."

తలుపు కొట్టకుండా జడ్సన్ గారు లోపలికి వచ్చారు. రెండు వేళ్ళ మధ్య చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు నీలం గ్లౌజు పట్టుకుని ఉన్నారు.

"సార్, దొంగ దొరికినాడు."

విజయభాస్కర్ కళ్ళు వెలిగాయి. "ఎవురు?"

"ఇదిగో." గ్లౌజును ఆయన బల్ల మీద పరిచారు.

"జడ్సన్ గారూ, ఇది ఆటలాడే టైము కాదు."

"ఆట గాదు సార్. విచారణ." ఆయన గ్లౌజు మీదికి వంగారు. "ఏరా, ఇంత పొడుగు ఏళ్ళేసుకోని మా ఆడోళ్ళ దగ్గరికి ఎందుకొచ్చినావు? నీ అంతట నువ్వే నడిచొచ్చినావా? ఏందీ, అట్టపెట్టె తెచ్చిందా? అట్టపెట్టెని ఎవురు తెచ్చినారు? లారీనా? లారీని ఎవురు రమ్మన్న్యారు?" చెవిని గ్లౌజుకి దగ్గరగా పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత మెల్లగా తల ఎత్తారు. ఆయన చూపు ఓనరు మొహాన్ని దాటి, తల పైన కనబడుతున్న నల్లటి తోలు దగ్గర ఆగింది.

"నువ్వా?" అన్నారు.

"ఎవర్ని అంటా ఉండారు మీరు?"

"మిమ్మల్ని గాదు సార్. మీరు రొంత పక్కకి జరగండి, దాని మొహం నాకు కనబడల్యా."

విజయభాస్కర్ తనకు తెలియకుండానే పక్కకు వంగాడు. జడ్సన్ గారు నడుము మీద చేతులు పెట్టుకున్నారు. అనూష ఆయన కోపాన్ని చాలాసార్లు చూసింది. ఇలాంటిది చూడలేదు.

"ఏరా కుర్చీ, నీకు కండ్లుండాయా? పెద్ద సైజు చౌకగా వస్తాదంటే ఈడ కూర్చోనే తల ఊపేసినావు గదా. ఒక్కసారన్నా కిందికి దిగి ఆ చేతుల్ని చూసినావా? మంచులో నాని నాని ఏళ్ళ కొసలు సున్నం మాదిరి తెల్లబడి ఉంటాయి. ఇంటికి పోయి అన్నంలో పులుసు కలుపుకుంటే భగ్గుమంటాయి. ఆ చేతులకా నువ్వు మగోడి తొడుగులు తెప్పించేది? చినిగిందని చెప్తే కూలి కోస్తావా? అందరి నోళ్ళూ కుట్టేసి, ఈ వారం ఒక్క తప్పు రాలేదని చంకలు గుద్దుకుంటావా? నీకు చక్రాలు పెట్టినారు గదరా. ఎందుకు పెట్టినారు? ఈడనే గిరగిరా తిరిగేదానికా?"

విజయభాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు కేకేస్తాడనుకుంది అనూష. జడ్సన్ గారి గొంతు ఒక మెట్టు దిగింది.

"నువ్వు అట్టాంటి దానివి గాదే. తుఫాను వచ్చి కంపెనీ మూసినప్పుడు అందరికీ కూలి ఇచ్చింది నువ్వే. నాకు కండ్లాపరేషను చేయించింది నువ్వే. ఆ కండ్లతోనే గదా ఇప్పుడు నీ బుద్ధిని చూస్తా ఉండేది. ఎవురి మాట విని ఇంత పని చేసినావు?"

విజయభాస్కర్ మెల్లగా లేచి నిలబడ్డాడు. బరువు దిగిన కుర్చీ బుస్సుమని నిట్టూర్చి కాస్త పైకి లేచింది. ఆయన దాని వైపు తిరిగి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"దీనికి ఎన్నాళ్ళు జైలు?"

"క్రిస్మస్ దాకా సార్."

"అంతవరకు నేను యాడ కూర్చోవాల?"

"పీలింగ్ హాల్లో స్టూళ్ళుండాయి సార్. మంచివి. ఒక్కదాని మీదే చిన్న కేసుండాది, అది గూడా ఇప్పుడు బుద్ధిగా ఎడంగా జరిగింది."

విజయభాస్కర్ నవ్వలేదు. కుర్చీ వీపు పట్టుకుని తలుపు వైపు తోయడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర చక్రం ఇరుక్కుంటే, ఒక్క తన్ను తన్ని, "నీ యవ్వ, నడువు," అన్నాడు. జడ్సన్ గారు వెనక్కి తిరిగి, పరీక్ష పాసైన పిల్లవాణ్ణి చూసినట్టు ఆయన్ని చూశారు.

మధ్యాహ్నం కొనేవాళ్ళ తరఫున వచ్చినవాళ్ళలో పెద్దావిడ, దీనికి బాధ్యులెవరని అడిగింది. విజయభాస్కర్ వాళ్ళను జైలు దగ్గరికి తీసుకెళ్ళి, మగ్గుకీ కాటాకీ మధ్య తలెత్తుకుని కూర్చున్న నల్లటి తోలు కుర్చీని చూపించాడు. "అది నాది," అన్నాడు. గ్లౌజు సైజు, కూలి కోత, నోరు తెరవని వారం, అన్నీ తనే చెప్పాడు. అనూష ఇంగ్లీషులో చెప్పింది. ఆ పెద్దావిడ కుర్చీనీ ఓనరునీ మార్చి మార్చి చూసి, "తప్పు వెతుక్కుంటూ కుర్చీ దాకా వచ్చినవాళ్ళని నేను ఇదే చూడడం," అంది. సరుకు ఆగలేదు. ఆ వారంలోనే చిన్న సైజు గ్లౌజులు వచ్చాయి. కూలి కోత పోయింది. ఆదిశేషమ్మ పేరు ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

"ఆయన తిట్టేది మమ్మల్నేనని మాకు తెలవదా అమ్మా," అంది ఆదిశేషమ్మ, కొత్త గ్లౌజు వేళ్ళను ఒక్కొక్కటే సర్దుకుంటూ. "తిట్టు మీదబడితే దాక్కోవాలనిపిస్తాది. పక్కన బడితే నిలబడి సిగ్గుపడొచ్చు. ఆయప్ప మాకు నిలబడేదానికి చోటిస్తాడు."

మీకు ఒక్కసారి కూడా మనుషుల మీద కోపం రాలేదా అని అనూష జడ్సన్ గారినే అడిగి చూసింది. ఆయన ఆమె చేతిలోని టీ గ్లాసు వైపు చూసి, "ఏందే, నీలో టీ పోసినప్పట్నుంచి ప్రశ్నలెక్కువైనాయి," అన్నారు.

క్రిస్మస్‌కి కుర్చీకి క్షమాభిక్ష వచ్చింది. కాకపోతే ఒక షరతు. ఇకనుంచి దాని కాపురం పీలింగ్ హాల్లోనే. ఉదయంపూట విజయభాస్కర్ అక్కడికే వచ్చి కూర్చుంటున్నాడు. మొదట్లో ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. తర్వాత సుబ్బు, ఆయనకు వినబడేలా, ఆ కుర్చీకి సీరియల్ కత చెప్పడం మొదలుపెట్టింది.

అనూష పని పూర్తయింది. బయల్దేరే రోజు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడితే, ఎదురుగాలికి వెనక్కి తిరగబడిన గొడుగును తిట్టుకుంటూ జడ్సన్ గారు వచ్చారు. ఆమె ఏదో చెప్పాలనుకుంది. దానికి ముందు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆయన ఆమె మొహం చూసి, గాభరాగా గొడుగు వైపు చూసి, దాన్ని తిట్టినా లాభం లేదనుకుని, మూసేశారు. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి ఊపలేదు. ముందుకొచ్చి, సరిగ్గా ఆమె కిటికీ కింద, రేకు మీద అరచేత్తో గట్టిగా ఒక్కటి కొట్టారు. మెడ నరాలు లేచాయి.

"ఏమే బస్సూ, మా పిల్లని ఎత్తుకపోతా ఉండావు గదా, మర్యాదగా గుంటలు చూసుకోని పో. చదువైపోయినాక మళ్ళా తెచ్చి ఈడనే దించాల. దించకపోతే చూడు, నువ్వు పట్టేంత జైలు కట్టిస్తా."